పైడిరాజు డెలిగేట్, రమణమ్మ పెసరట్టు

శిష్యుల కీబోర్డు మీద చెయ్యి వెయ్యకూడదన్నది మంగతాయారు గారి నియమం. విశాఖపట్నంలో పాతికేళ్లుగా ప్రోగ్రామింగ్ నేర్పుతున్నా, ఆవిడ ఎవరి తప్పూ స్వయంగా దిద్దలేదు.

పైడిరాజు మూడు రోజులుగా ఒకే తప్పుతో కుస్తీ పడుతున్నాడు. వేటకెళ్లిన మరపడవ సముద్రంలో దేశం హద్దు దాటితే ఫోను మోగాలి; అదీ అతని యాప్. పోయినేడు అతని మేనమామ తెలియక హద్దు దాటి, ఆర్నెల్లు పరాయి దేశం జైల్లో ఉండి వచ్చాడు. యాప్‌లో జీపీఎస్ భాగం పడవ ఎక్కడుందో కనిపెడుతూనే ఉంది. ఆ కబురు అందుకోవడానికి డెలిగేట్‌ను, అంటే కోడ్‌లోనే ఒక ప్రతినిధిని, తయారుగా కూర్చోబెట్టాడు. కబురే రాదు. సాయంత్రం నాలుగింటికి మేనమామతో సహా పడవల యజమానులు చూడవస్తున్నారు.

"మేడమ్, ప్రతి అక్షరం సరిచూశాను. అంతా సిద్ధంగా ఉంటే పిలుపు రాదేం?"

ఆవిడ కళ్లజోడు తీసి, "ఆకలేస్తోంది, పద" అన్నారు.

కింద రమణమ్మ టిఫిన్ బండి దగ్గర జనం మూగి ఉన్నారు. పైడిరాజు "ఒక పెసరట్టు" అని గాల్లోకి అనేసి, చేతులు కడుక్కుని, బల్ల మీద కూర్చుని పెనం వంకే చూశాడు. తన తరవాత వచ్చినవాళ్లు తిని, టీ కూడా తాగి వెళ్లారు. రమణమ్మ "సూరిబాబూ!" అంది, "కనకమ్మా!" అంది. అతన్ని మాత్రం పిలవలేదు. అరగంటకి అతని ఓర్పు మాడింది.

"నా అట్టేదమ్మా? ఇందాకట్నించీ సిద్ధంగా కూర్చున్నా కదా!"

"కూకున్నావు సరే, ఎవులని పిలవను?" అంది రమణమ్మ అట్లకాడ ఊపుతూ. "పేరు సెప్పినోళ్లని పిలిసాను. నీ పేరేటో నాకేటి తెలుసు? సల్లారిపోతాదని ఆ మేడమ్ గారికి పెట్టేసాను."

మంగతాయారు గారు ఆఖరి ముక్కను అల్లప్పచ్చడిలో అద్దుకుంటున్నారు.

పైడిరాజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. డెలిగేట్‌ను కూర్చోబెట్టాడే గాని, "కబురు చెప్పవలసింది వీడికే" అని జీపీఎస్ భాగానికి అప్పగించే లైను ఎక్కడా లేదు. రాశాడు. తెరమీది పడవను హద్దు దాటించాడు. ఫోను వీధి అదిరేలా మోగింది.

నాలుగింటికి యజమానుల ముందూ మోగింది. మేనమామ ఆ మోత పదకొండుసార్లు మోగించుకుని విని, కళ్లు తుడుచుకున్నాడు. పని కుదిరింది.

వాళ్లు వెళ్లగానే, పొద్దుటినించీ పస్తులున్న పైడిరాజు బండి దగ్గరికి పరుగెత్తి, "రమణమ్మా, రెండు పెసరట్లు!" అని అరిచి, దర్జాగా బల్ల మీద కూర్చున్నాడు.

వెనకనించి మంగతాయారు గారు అడిగారు: "ఎవరికని చెప్పావు?"