చెవులు కుట్టిన ఓబులవ్వ

చాలాకాలం కిందటి మాట. ఎంత కాలమంటే, మా జేజికి వాళ్ళ జేజి చెప్పేనాటికే ఇది పాతబడిన మాట.

గుండ్లపాయ అని ఒక పల్లె ఉండేది. చుట్టూ బండరాళ్ళు, రాళ్ళ మధ్య జొన్నచేలు, చేల మధ్య పాతిక గుడిసెలు. ఆ పల్లె ఆడవాళ్ళకు బంగారం లేదు, వెండి లేదు, పట్టు లేదు. ఉన్నదల్లా చెవులు. పెద్ద చెవులు. తమ్మెలు సాగి సాగి దవడ దాటి భుజాల మీదికి వాలేవి. నడుస్తుంటే ఊగేవి, నవ్వుతుంటే ఊగేవి, జొన్నలు విసురుతుంటే ఊగేవి.

ఊరికే సాగుతాయా చెవులు? పిల్లకు పన్నెండేళ్ళు రాగానే తుమ్మముల్లుతో కుట్టేవాళ్ళు. పుండు మానేదాకా వేపపుల్ల పెట్టేవాళ్ళు. ఆ తర్వాత రెండు పుల్లలు, మూడు పుల్లలు. పుల్లల తర్వాత జీలుగుబెండు. బెండును ఎండుగా దూర్చి నీళ్ళతో తడిపితే అదే ఉబ్బి, రంధ్రాన్ని మెల్లగా పెద్దది చేసేది. బెండు తర్వాత తాటాకు చుట్ట. చుట్టిన ఆకు ఎప్పుడూ విప్పుకోవాలనే చూస్తుంది కదా, అది విప్పుకున్న కొద్దీ తమ్మె సాగేది. అలా ఏళ్ళు పట్టేది.

అయితే ఒక కట్టుబాటు ఉండేది. మొదటి ముల్లు గుచ్చేది తల్లి. తల్లి చనిపోయుంటే చిన్నమ్మ. ఆ ఇద్దరూ కాక ఇంకెవరూ ముల్లు పట్టకూడదు.

ఆ పల్లెలో ఓబులి అనే పిల్ల ఉండేది. ఆమె కడుపులో ఉండగానే తండ్రి పాము కరిచి చనిపోయాడు. తల్లి పేరు ఎర్రక్క. ఊరందరి చెవులకన్నా ఎర్రక్క చెవులు పొడుగు. ఓబులికి చంటిప్పటినుంచీ ఒక అలవాటు. తల్లి పక్కన పడుకుని, తల్లి చెవి రంధ్రంలో తన బొటనవేలు దూర్చి, తమ్మెను గుప్పిట్లో పట్టుకుంటేనే నిద్ర పట్టేది. వేలు జారితే ఉలిక్కిపడి లేచేది.

ఓబులికి మూడేళ్ళప్పుడు వాన రాలేదు. మరుసటేడూ రాలేదు. దక్షిణాన ఎక్కడో ఒక దొర పెద్ద చెరువు తవ్విస్తున్నాడు, మట్టి మోసినవాళ్ళకు కడుపునిండా సంగటి పెడుతున్నారు అని కబురొచ్చింది. ఊళ్ళో కొంతమంది గంపలెత్తుకుని బయల్దేరారు. ఎర్రక్కా బయల్దేరింది. నిద్రపోతున్న పిల్ల వేలును తన చెవిలోంచి మెల్లగా తీసి, అత్త చేతిలో పెట్టింది.

"అత్తా, పిల్ల జాగ్రత్త. జొన్న కోతకు వస్తా," అంది.

వానలు పడ్డాయి. జొన్న కోత వచ్చింది. ఎర్రక్క రాలేదు.

రెండో కోత వచ్చింది. ఎర్రక్క రాలేదు.

మూడో కోత వచ్చింది. పోయినవాళ్ళలో ముగ్గురు తిరిగొచ్చారు. ఎర్రక్క రాలేదు. ఏటి రేవు దగ్గర విడిపోయామన్నాడు ఒకడు. ఇంకా దూరం పోయే గుంపులో కలిసిందన్నాడు ఇంకొకడు. ఆ ఏడు అక్కడ వాంతులు, భేదులు తగిలి చాలామంది పోయారన్నాడు మూడోవాడు. కానీ ఎర్రక్క పోవడం చూశానని ఎవరూ అనలేదు. ఉండగా చూశాననీ ఎవరూ అనలేదు.

ఓబులి పెరిగింది. తల్లి మొహం మరిచిపోయింది. గొంతు మరిచిపోయింది. బొటనవేలికి మాత్రం ఆ చెవి గుర్తుంది. మెత్తగా, చల్లగా, కొంచెం ఆముదం జిడ్డుగా.

పన్నెండేళ్ళు వచ్చాయి. ఈడు పిల్లలందరూ చెవుల్లో వేపపుల్లలు పెట్టుకుని మెడలు అటూ ఇటూ తిప్పుకుంటూ తిరిగారు. ఓబులి చిన్నమ్మ దగ్గరికి పోయింది.

"చిన్నమ్మా, నాకు చెవులు కుట్టవా?"

చిన్నమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "నేను ముల్లు పట్టినానంటే మాయక్క పోయిందని నా నోటితో నేనే చెప్పినట్టు గదే. నా చేత కాదు తల్లీ."

ఓబులి మంత్రసాని పుల్లసాని దగ్గరికి పోయింది.

"పుల్లసానెమ్మా, నువ్వన్నా కుట్టవా?"

"నిన్ను బయటికి తీసింది ఈ చేతులేనే. కానీ రేపు మీయమ్మ వచ్చి, నేనుండంగా నా బిడ్డకు ఎవురు కుట్టినారు అంటే, నేను ఏ మొగం చూపించేది?"

ఓబులి ఇంటికొచ్చి తనను సాకుతున్న నాయనమ్మను, జేజిని అడిగింది.

"జేజీ, నువ్వు కుట్టు."

జేజి కొంగుతో కళ్ళొత్తుకుంది. "నేను అత్తను గదే. కోడలి చావు కోరుకుంది ముసల్ది అంటారు. ఊరు అంటే అననీ. నా మనసు నన్ను అడిగితే నేనేం చెప్పేది?"

ముగ్గురూ కసిరి కాదనలేదు. ముగ్గురూ కళ్ళనీళ్ళతోనే కాదన్నారు. అందుకే ఓబులికి ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, ఒక తుమ్మముల్లు ఏరుకుని, ఊరి బయట పెద్ద రాతిగుండు ఎక్కింది. అక్కణ్ణుంచి దక్షిణం దారి కనబడుతుంది. ఎర్రమట్టి దారి, చేల మధ్యనుంచి పోయి పోయి కొండ మలుపులో మాయమైపోతుంది. ఓబులి ఆ దారివైపు తిరిగి పిలిచింది.

"ఎర్రక్కా! ఓ ఎర్రక్కా!"

అమ్మా అని పిలవాలని తోచలేదు. అలా పిలిచిన గుర్తే లేదు ఆ పిల్లకు. ఊరివాళ్ళు ఎట్లా అంటారో అట్లా పిలిచింది. ఆగి విన్నది. గాలి తప్ప ఏమీ లేదు. రెండోసారి పిలిచింది. ఆగి విన్నది. మూడోసారి పిలిచింది.

"దారిలో ఉన్నావా? సరేలే. మెల్లగా రా. అందాక నేనే కుట్టుకుంటా," అంది.

ఎడమచెవి కుట్టుకుంది. కళ్ళల్లో మంటలు లేచాయి. కుడిచెవి కుట్టుకుంది. చూసుకోవడానికి అద్దం లేదు, పట్టుకోవడానికి మనిషి లేదు. కుడిచెవి రంధ్రం కొంచెం పైకి పోయింది. అది జీవితాంతం అలాగే ఉండిపోయింది.

భుజాల మీద రెండు ఎర్రటి చారలతో ఇంటికొచ్చిన పిల్లను చూసి జేజి పరుగున ఎదురొచ్చింది.

"ఎవురు కుట్టినారే?"

"మాయమ్మ."

"మీయమ్మా? యాడుందే?"

"దారిలో ఉంది జేజీ."

జేజి పసుపు నూరి ఆముదంలో కలిపి రాసింది. పెరట్లోకి పోయి రెండు లేత వేపపుల్లలు తుంచుకొచ్చి, రాతిమీద నున్నగా అరగదీసి, తనే పెట్టింది. ముల్లు కాదు కదా, పుల్లేగా!

ఓబులికి తొందర. తన చెవులు అమ్మ చెవులంత కావాలి. ఎప్పుడెప్పుడా అని ఉండేది. పది రోజులకు మార్చాల్సిన పుల్ల ఐదు రోజులకే మార్చింది. బెండు నానేదాకా కూడా ఆగలేక, ఒకరోజు లావు తాటాకు చుట్ట తెచ్చి కుడిచెవిలో కుక్కేసింది. మూడో రోజుకు చెవి పొంగి, చీము పట్టి, ఒళ్ళు కాలిపోయింది.

జేజి చుట్ట తీసేసి, గోరువెచ్చని వేపాకు నీళ్ళతో కడిగింది. "చెవికి తొందర లేదే బిడ్డా. నీకుంది తొందర. అది దాని నడక అది నడుస్తాది. లాగినావంటే తెగుతాది."

మూడు నెలలు ఖాళీగా ఉంచారు. రంధ్రం పూడుకుపోయినంత పనైంది. మళ్ళీ ఒక్క పుల్లతో మొదలు. ఈసారి ఓబులి ఆగింది. ఒక పుల్ల. రెండు పుల్లలు. మూడు పుల్లలు. మడుగు పక్కన జీలుగు కోసుకొచ్చి ఎండబెట్టుకుంది. తాటాకు చుట్టకు నెలకొక్క చుట్టు కలిపింది. పొద్దున్న లేస్తే ముందు చెవి తడుముకునేది, తర్వాత దారివైపు చూసేది. మూడు కోతలు అయిపోయాయి. చుట్టపక్కాలు పలకరిస్తే నవ్వేది. దారి గురించి అడిగితే మాత్రం మాట మార్చేది.

ఒకనాడు మధ్యాహ్నం జొన్నచేను మంచె మీద పడుకుని, ఊరికే బొటనవేలు తన చెవిలోకి దూర్చింది. వేలు పట్టింది. పూర్తిగా పట్టింది. తమ్మెను గుప్పిట్లోకి తీసుకుంది. మెత్తగా ఉంది. చల్లగా ఉంది. ఆముదం జిడ్డుగా ఉంది. అన్నీ ఉన్నాయి.

కానీ వేలు తనదే, చెవీ తనదే.

మూడేళ్ళు ఎదురుచూసింది దీనికోసమా అనిపించింది ఓబులికి. మంచె మీద బోర్లాపడి ఏడ్చింది. చేలోకి పిట్టల గుంపు దిగి గింజలు తింటున్నా లేచి తోలలేదు. జేజి వచ్చి చూసి, పిట్టల్ని తోలి, పక్కన కూచుని వీపు నిమిరింది.

తర్వాత పెళ్ళి సంబంధాలు వచ్చాయి. మూడు వచ్చాయి. మూడూ వద్దంది. "నేను ఇంకో ఊరికి పోతే, మాయమ్మ వచ్చి ఎవురి తలుపు తట్టాల?" అనేది. జేజి పోయింది. ఓబులి ఆ గుడిసెలోనే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు గంపలల్లేవాళ్ళు ఊరిమీదుగా పోతూ, జ్వరంతో నడవలేని ఒక పిల్లను వదిలిపోయారు. పేరు నాగసాని. తల్లి పేరు గంగులు అని మాత్రం తెలుసు. ఆమె ఎక్కడుందో తెలియదు. ఆ పిల్లను ఓబులే సాకింది. పన్నెండేళ్ళు రాగానే ఆ పిల్ల వచ్చి ఓబులి ముందు కూచుంది.

"అక్కా, నాకు కుట్టు."

ఓబులి ఆ పిల్లను గుండు మీదికి తీసుకుపోయింది. దారివైపు తిరిగి పిలిచింది. "గంగులూ! ఓ గంగులూ!" ఆగి విన్నది. మూడుసార్లు పిలిచింది, మూడుసార్లు విన్నది. వెనక్కి తిరిగి పిల్ల గడ్డం పట్టుకుంది.

"మీయమ్మ దారిలో ఉందంట. తను వచ్చేదాకా నన్ను కుట్టమంది," అంది. ఆ పిల్ల దారివైపు చూస్తుండగానే ముల్లు దిగిపోయింది. పిల్ల ఏడవనే లేదు.

పెద్దమనుషులు కోప్పడ్డారు. "తల్లీ కాదు, చిన్నమ్మా కాదు. ఆ పిల్ల తల్లి చచ్చిందని చెప్పినట్టా, బతికిందని చెప్పినట్టా?"

"నేను ఎవురినీ చంపలేదు సామీ. ఎవురినీ బతికించలేదు. పిలిచినా, అంతే," అంది ఓబులి.

వాళ్ళు తల తిప్పుకుని పోయారు.

ఆ మాట ఊరూరా పాకింది. తల్లి ఏట్లో కొట్టుకుపోయిన పిల్లలు వచ్చారు. తల్లి వదిలేసిన పిల్లలు వచ్చారు. తల్లి పేరే తెలియని పిల్లలు వచ్చారు. ఎవరి బిడ్డవని ఓబులి ఏనాడూ అడగలేదు. పేరుంటే పేరు పెట్టి, పేరు లేకపోతే "ఓ యమ్మా!" అని పిలిచేది. ఆమె చేత్తో కుట్టిన చెవి చీము పట్టేది కాదు. ప్రతి పిల్ల చెవికీ ఆముదం రాస్తూ, "చెవికి తొందర లేదమ్మా," అని చెప్పి పంపేది. అందరూ వెళ్ళిపోయాక, గుండు దిగేముందు, తన పిలుపు ఒకటి పిలుచుకునేది. "ఎర్రక్కా!" ఆగి వినేది. దిగిపోయేది.

ఓబులి ఓబులక్క అయింది. ఓబులక్క ఓబులవ్వ అయింది. తమ్మెలు భుజాలు దాటి రొమ్ముదాకా జారాయి. చూపు తగ్గింది. గుండు ఎక్కడానికి కాళ్ళు రాలేదు.

ఒక జొన్న కోత రోజుల్లో మంచాన పడింది. ఆమె కుట్టిన చెవుల పిల్లలు, ఇప్పుడు బిడ్డల తల్లులు, ఊళ్ళ నుంచి వచ్చి మంచం చుట్టూ కూచున్నారు.

"ఏం గావాలవ్వా?" అని అడిగారు.

"గుండెక్కి పిలవండి," అంది.

పొద్దు పొడుస్తోంది. ఆడవాళ్ళందరూ గుండెక్కారు. "ఎర్రక్కా! ఓ ఎర్రక్కా!" మూడుసార్లు పిలిచారు. చేలల్లో కోతవాళ్ళు కొడవళ్ళు ఆపి చూశారు. దారి ఎప్పటిలాగే ఖాళీగా ఉంది.

నాగసాని కిందికొచ్చి మంచం పక్కన కూచుంది. ఆమెకూ తల నెరిసింది.

"దారిలో ఉందా?" అని అడిగింది ఓబులవ్వ.

నాగసాని ముసలామె చెవి దగ్గరికి వంగింది.

"లేదవ్వా. దారిలో లేదు."

"మరి?"

"వచ్చేసింది. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటాంది."

ఓబులవ్వ నెరిసిన జుట్టును వెనక్కి తోసుకుంది. రెండు చెవులూ బయటికి కనబడేలా సర్దుకుంది. కుడిచెవి రంధ్రం కొంచెం పైకి ఉంది కదా, దాన్ని వేలితో కప్పుకుంది, చూస్తే కోప్పడుతుందేమో అన్నట్టు. అలాగే వాకిలివైపు మొహం పెట్టి కన్ను మూసింది.

ఇప్పుడు గుండ్లపాయలో చెవులు సాగదీసేవాళ్ళు లేరు. తాటాకు చుట్టలు లేవు, జీలుగుబెండు లేదు. కంసాలి వచ్చి సన్న తీగతో పుట్టువెంట్రుకల నాడే కుట్టేసి పోతాడు. కానీ ముందు ఒక ముత్తవ్వ వాకిట్లోకి పోయి తల్లి పేరు పెట్టి మూడుసార్లు పిలవకుండా కంసాలి చెయ్యి లేవదు. తల్లి అక్కడే, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూచున్నా సరే, పిలవాల్సిందే. రెండు పిలుపులకు తల్లి పలకకూడదు. మూడో పిలుపుకు "వస్తాన్నా!" అనాలి, వస్తున్నానని. బిడ్డ ఆ గొంతు విని తల్లి మొహంవైపు తిరుగుతుంది. అప్పుడు కుడతారు.

తల్లి లేని బిడ్డయితే, మూడో పిలుపుకు అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే పలుకుతారు.

"వస్తాన్నా!"