గేటుకు ముక్కు ఆనించిన ఆటో

మామిళ్ళదిన్నెలో మస్తానయ్య అనే ఆటో డ్రైవర్ ఉండేవాడు, మనిషి మంచివాడే గానీ ఎక్కడా ఒక్క నిమిషం ఆగలేడు. పెళ్ళి భోజనాల్లో తినేవాడి వెనకే నిలబడి, వాడింకా పెరుగన్నం కలుపుకుంటూ ఉండగానే కుర్చీ పట్టుకునేవాడు. అలాంటివాడి ఇంటికీ పట్నానికీ మధ్య ఒక రైల్వే గేటు ఉండేది.

గేటు పడితే బళ్ళన్నీ ఎడమ పక్క వరసగా ఆగాలి. మస్తానయ్య ఆగుతాడా? కుడి పక్క ఖాళీగా ఉంది కదా అని సర్రున ముందుకు పోయి, గేటుకు ముక్కు ఆనించి ఆపేవాడు. అతన్ని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు వచ్చేవాళ్ళు. అవతలి వైపున్నదీ మనవాళ్ళే కాబట్టి అక్కడా అదే తంతు. గేటు లేచేసరికి ఇటు రోడ్డు నిండా బళ్ళు, అటు రోడ్డు నిండా బళ్ళు. ఎవరూ కదల్లేరు. ఇక హారన్లు, తిట్లు.

గేటు కాసే సలోమమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. "నాయనా, మీరు పట్టాల మీద నుంచి కదిలితేనే నేను గేటు వేసేది. గేటు వేస్తేనే రైలుకు సిగ్నల్ పడేది. కాస్త వరసలో ఉండరాదూ?" అనేది.

"రైలు ఆగితే నాకేంటక్కా? అందులో నేను పోతున్నానా?" అనేవాడు మస్తానయ్య.

ఒకసారి ఆ గేటు సంగతి తేల్చడానికి పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. కొందరు పైన వంతెన కట్టాలన్నారు. కొందరు కింద దారి తవ్వితే చాలన్నారు. వానొస్తే అందులో ఈత కొట్టాలా అని వెనక నుంచి ఎవరో అడిగారు. కూరగాయల గంపలతో పట్నం పోయే ఆడవాళ్ళు, "ఏదైనా కట్టుకోండి, మా పాసింజరు రైలును మాత్రం తీసెయ్యొద్దు" అన్నారు.

మస్తానయ్య లేచాడు. "అసలు ఆ పాసింజరు వల్లే కదా ఇన్నిసార్లు గేటు పడేది. ముందు దాన్ని రద్దు చేయండి. ఊరూరా ఆగుతూ ఈడ్చుకుంటూ వచ్చే ఆ బండి ఎవరికి కావాలి?" అన్నాడు. గంపల ఆడవాళ్ళు అతని వంక కొరకొరా చూశారు.

అప్పటికి అతని భార్య కొండమ్మ తొలి కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఆ ఊరికి బస్సు లేదు. ఉన్నదల్లా పాసింజరే. ఒక మధ్యాహ్నం అత్తగారు పిచ్చమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. పాసింజరు ఎక్కాం. నువ్వు ఆటో తీసుకుని పట్నం స్టేషనుకు వచ్చెయ్యి. దిగంగానే ఆసుపత్రికి పోవాలి."

మస్తానయ్య పరుగున ఆటో ఎక్కి గేటు దగ్గరికి వచ్చేసరికి గూడ్సు కోసం గేటు పడి ఉంది. ఎప్పటిలాగే కుడి పక్క నుంచి పోయి ముందు నిలబెట్టాడు. అతని వెనక ఎప్పటిలాగే పది బళ్ళు చేరాయి. గూడ్సు పోయింది, గేటు లేచింది. మస్తానయ్య పట్టాల మీదికి దూకించాడు. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరుతో పొరుగూరి జాలయ్య వచ్చి ఆగాడు.

"వెనక్కి తియ్యి" అన్నాడు మస్తానయ్య.

"నేనెందుకు తీస్తాను? నువ్వే తియ్యి" అన్నాడు జాలయ్య.

మాటా మాటా పెరిగింది. తాతముత్తాతల దాకా పోయింది. అంతలో ఫోన్ మోగింది. పిచ్చమ్మ ఏడుస్తోంది.

"బాబూ, రైలు పొలాల మధ్య ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పడం లేదు. పిల్ల తట్టుకోలేకపోతోంది. నాకు భయంగా ఉంది."

మస్తానయ్య తల తిప్పి చూశాడు. పట్టాల వెంట దూరంగా ఎర్ర సిగ్నల్, దాని వెనక పాసింజరు ఇంజను కనిపించాయి. సలోమమ్మ రోజూ చెప్పే మాట అప్పుడు తలకెక్కింది. తన భార్య ఉన్న రైలును ఆపింది తన ఆటోయే.

ఆటో దిగి, ఇంతకుముందే తిట్టిన జాలయ్య ముందు చేతులు జోడించాడు. "అన్నా, తప్పు నాదే. ఆ రైల్లో నా భార్య ఉంది. పురిటి నొప్పులు. గేటు పడితే గానీ రైలు కదలదు."

జాలయ్య వెంటనే ట్రాక్టరు వెనక్కి తీసి, రోడ్డు దించి బురద చేలోకి తోలాడు. సగం గడ్డి కింద పడింది. ఇవతలి వైపు మస్తానయ్య ఒక్కొక్క బండి దగ్గరికీ పరుగెత్తి బతిమాలాడు. పాల వ్యాను అతను వెనక్కి తగ్గాడు. సోడా బండి అతను కాలవ గట్టు మీదికి ఎక్కించాడు. మస్తానయ్య తన ఆటోను అందరి వెనక్కీ తీసుకుపోయాడు. సలోమమ్మ గేటు వేసింది. సిగ్నల్ పడింది.

పాసింజరు మెల్లగా గేటు దాటింది. ఒక కిటికీలో పిచ్చమ్మ ముఖం కనిపించింది. రద్దు చేయమన్న ఆ బండికి మస్తానయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

గేటు మళ్ళీ లేచింది. ఇప్పుడతను వరసలో అందరికన్నా వెనక ఉన్నాడు. కానీ ముందున్న బళ్ళు ఒక్కటీ కదలలేదు. అటూ ఇటూ అందరూ ఆగి, రోడ్డు మధ్య దారి వదిలారు. చేలో నుంచి జాలయ్య, "చూస్తావేంటయ్యా, పో" అన్నాడు. ఎవరికోసమూ ఆగని మనిషి కోసం అంతమంది ఆగారు. ఆ దారిలో పోతూ మస్తానయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆసుపత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. మర్నాడు మస్తానయ్య మొదటి లడ్డు సలోమమ్మకు ఇచ్చాడు. తర్వాత జాలయ్య ఊరికి పోయి, ఆ చేలో పడ్డ గడ్డినంతా అతనితో కలిసి ఎత్తాడు. వద్దంటున్నా వినలేదు.

మళ్ళీ మీటింగు పెట్టినప్పుడు కూడా అతను లేచాడు. "వంతెన కట్టండి, మంచిదే. పాసింజరును మాత్రం ముట్టుకోవద్దు. వంతెన వచ్చేదాకా మేం వరసలో ఉంటాం" అన్నాడు. గంపల ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అతనూ నవ్వాడు.

ఇప్పుడు గేటు పడితే మస్తానయ్య ఆటో ఎడమ పక్క, ఆఖరి బండి వెనక ఉంటుంది. ఎవరైనా కుడి పక్కకు తిప్పబోతే, "ఆగు తమ్ముడూ, ఆ రైల్లో ఎవరున్నారో మనకు తెలియదు" అంటాడు.

నీతి: తన వంతు దాకా ఆగలేక పదిమంది దారికి అడ్డుపడేవాడు చివరికి తన దారినే మూసుకుంటాడు, ఆ దారిని మళ్ళీ తెరిచేది అతని కోసం వెనక్కి తగ్గిన ఆ పదిమందే.