పక్కకు జరిగిన వంతెన

అనగనగా, రాజులు పల్లకీల్లోనూ పిల్లలు కాలినడకనా తిరిగే రోజుల్లో, మల్లెలదుర్గం అనే రాజ్యం ఉండేది. కోట దగ్గర ఒక వాగు. వాగుకు ఇవతల బడి, అవతల చింతలపాలెం. పాలెం పిల్లలు ఇరవై మంది ఆ వాగు దాటే బడికి రావాలి.

ఏటా వంతెన కట్టేవారు. ఏటా తొలి వరదకే అది కొట్టుకుపోయేది. ఇక మూడు నెలలు ఆ పిల్లలకు చదువు లేదు, గేదెల వెంట తిరగడమే.

ఆస్థాన శిల్పి నాగలింగాచార్యులకు శాస్త్రమంతా కంఠతా వచ్చు. అయితే ఆయనకొక అలవాటు. వంతెన కూలిందని తెలియగానే, మహారాజు కంట పడకముందే విరిగిన ముక్కలన్నీ ఏరించి, బళ్లకెత్తించి, ఊరవతల పారబోయించేవాడు. పరువు ముఖ్యం కదా మరి! తరువాత ఇంకా లావు స్తంభాలు, ఇంకా దగ్గర దగ్గరగా పాతించి మళ్లీ కట్టేవాడు. అదీ కూలేది.

మూడో వంతెన కూలేసరికి విజయపాల మహారాజుకు విసుగొచ్చింది. "ఇక చాలు. పాలెం పిల్లల పేర్లు బడిలోంచి కొట్టేయండి" అన్నాడు.

ఈ మాట బడి పంతులమ్మ సోమిదేవమ్మ చెవిన పడింది. వెంటనే సభకు వెళ్లింది.

"ప్రభూ, వచ్చే వానాకాలం దాకా గడువివ్వండి. ఈసారి వంతెన మా పిల్లలు కడతారు."

సభంతా నవ్వింది. "ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలా!" అన్నాడు నాగలింగాచార్యులు.

"ముక్కుల సంగతి నేను చూసుకుంటాను స్వామీ. గడువు మాత్రం ఇప్పించండి" అంది సోమిదేవమ్మ. మహారాజు సరేనన్నాడు.

బడి వెనక ఒక పిల్లకాలువ ఉంది. వాగు తగ్గాక ఆవిడ పాలెం పిల్లల్నీ కలుపుకుని అందరినీ అక్కడికి తీసుకెళ్లింది. "ఇదే మన వాగు. బుల్లి వంతెనలు కట్టండి. కూలితే ఏడవకండి. కానీ ఎందుకు కూలిందో చెప్పేదాకా ఒక్క పుల్ల కూడా తీయకూడదు" అంది.

మొదట మట్టితో కట్టారు. నీళ్లు వదలగానే కరిగిపోయింది. ఎందుకో చెప్పడానికి క్షణం పట్టలేదు.

రెండోసారి లావుపాటి పుల్లలు దగ్గర దగ్గరగా గుచ్చి కట్టారు. అచ్చం ఆచార్యులవారి వంతెనే! కాసేపు నిలిచి, అదీ బోర్లా పడింది. పాలెం పిల్ల చెంగి దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"పంతులమ్మా, దీన్ని కూలదోసింది చెత్త! ఆకులూ గడ్డీ వచ్చి పుల్లల మధ్య ఇరుక్కున్నాయి. నీళ్లకు దారి లేక వంతెనను నెట్టేశాయి."

"మరేం చేద్దాం?"

"వరదొచ్చినప్పుడు వంతెన దారి ఇవ్వాలి" అంది చెంగి. అందరూ తలా ఒక మాట కలిపారు.

మూడోసారి దూరదూరంగా రాళ్లు పేర్చి, వాటిమీద చెక్కపలకలు పరిచారు. ఒక్కో పలకకు ఒక కొసన తాడు కట్టి, ఆ తాడును ఒడ్డున గుంజకు బిగించారు. నీళ్లు పెరిగాయి. పలకలు తేలి, ఒడ్డు వైపు తిరిగి, అక్కడే ఆగాయి. చెత్తంతా పోయింది. నీళ్లు తగ్గాక తాళ్లు పట్టి లాగి, పలకల్ని మళ్లీ రాళ్లమీద పరిచారు!

పిల్లలు చెప్పినట్టే ఊరి వడ్రంగులు వాగు మీద పెద్ద వంతెన కట్టారు. తొలి వరద రోజున మహారాజు గొడుగు కింద నిలబడి చూశాడు. నీళ్లు పొంగాయి. పలకలు లేచిపోయాయి.

"పోయింది! నేను ముందే చెప్పాను" అన్నాడు ఆచార్యులు. మహారాజు ముఖం వాడిపోయింది.

"పోలేదు మహారాజా, పక్కకు జరిగింది. వాగు తగ్గనివ్వండి" అంది చెంగి.

రెండో రోజుకు వాగు తగ్గింది. పిల్లలు, పెద్దలు కలిసి తాళ్లు లాగి పలకల్ని రాళ్లమీదకు ఎత్తారు. ఒక్కొక్క పలకా తన చోటికి వచ్చింది. వానాకాలంలో పాలెం పిల్లలు వాగు దాటి బడికి రావడం ఆ ఊరు చూడడం అదే మొదలు. సోమిదేవమ్మ కళ్లు తుడుచుకుంటూనే హాజరు పిలిచింది.

ఆ మధ్యాహ్నం నాగలింగాచార్యులు బడి గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. "అమ్మా, మూడు వంతెనల పాఠం చేతులారా పారబోసుకున్నాను. నన్నూ ఆ కాలువ దగ్గర కూర్చోనిస్తారా?" అని అడిగాడు. చెంగి పక్కకు జరిగి చోటిచ్చింది.

కూలిందని సిగ్గుపడి దాచేయక, ఎందుకు కూలిందో ఓపిగ్గా చూసినవారికే నిలబెట్టడం చేతనవుతుంది.