ఎటువైపు కిర్రుమంటుంది?

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు విశాలాక్షమ్మ గారికి లేదు. పెద్దాపురంలో సాయంత్రాలు ఆవిడ దగ్గర వేదాంత పాఠానికి కూర్చునే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ రోజు హైమవతి పాఠం ముగిసేదాకా ఆగలేక మధ్యలోనే అడిగేసింది.

"అమ్మగారూ, తిండికీ బట్టకీ పోగా నాలుగు డబ్బులు మిగిలాయనుకోండి. ఏ ముచ్చటకు ఖర్చు పెడితే సార్థకం? ఏది దండగ?"

ప్రశ్న వేదాంతం లాగే ఉంది. పుట్టింది మాత్రం వెనక వరసలో కూర్చున్న ఇందుమతి ఇంట్లో. అక్కడ ఇత్తడి గొలుసులతో టేకు ఉయ్యాల బల్ల ఉంది. హైమవతి ఇంట్లో పాతకాలపు దూలానికి నాలుగు కొక్కేలున్నాయి, బల్ల లేదు. ఇందుమతి ఇంటికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఆ కొక్కేలు తనను చూసి పళ్లికిలిస్తున్నట్టు ఉండేది ఆమెకు. చివరికి తానూ ఒకటి చేయించాలని నిశ్చయించుకుంది. అందుకోసం మొదట మానేసింది కాఫీ గింజలు. పెళ్లయిన నాటినుంచీ మంచి గింజలు తెప్పించి, తన చేత్తో వేయించి, మర తిప్పి పొడి చేసుకునే మనిషి, మూడు నెలలుగా కొట్లో దొరికే చవక పొడితో సరిపెడుతోంది. ఇక వడ్రంగికి బయానా ఇవ్వడమే తరువాయి. ఇవ్వమనే మాట గురువు నోట వినాలని ఆమె ఆశ.

విశాలాక్షమ్మ గారు ప్రశ్న విననట్టే ఇందుమతి వైపు తిరిగారు. "మీ ఇంటికి సున్నాలు వేయిస్తున్నావటగా. బల్ల ఎలాగూ దింపాలి. ఆ పది రోజులూ హైమ ఇంట్లో వేలాడదీయించు."

"దానికేం, అలాగే" అంది ఇందుమతి. ఆ తేలికదనానికి హైమవతికి ఒళ్లు మండింది. అంత వస్తువును కరివేపాకు రెబ్బలా ఇచ్చెయ్యగలగడం కూడా ఒక డాబే అనిపించింది.

బల్ల వచ్చింది. హైమవతి వీధి తలుపు బార్లా తీసి పెట్టింది. రోజూ పొద్దున్నే చింతపండుతో గొలుసులు తోమింది. పిల్లలను ఎక్కనివ్వలేదు. తాను కూర్చుంటే మెరుపు మాస్తుందని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లంతా ఆగి చూశారు. చూసి అందరూ ఒకటే మాట అన్నారు: "ఇది ఇందుమతి గారిది కదూ?" పాలు పోసే అప్పలకొండ కూడా అదే అన్నాడు. ఆరో రోజున హైమవతి వడ్రంగికి కబురు పెట్టింది. తన బల్ల దీనికన్నా జానెడు వెడల్పుండాలి, గొలుసులకు నెమళ్లుండాలి. దాన్ని చూసి ఊళ్లో ఎవరూ ఇంకొకరి పేరెత్తకూడదు.

పదో రోజు మధ్యాహ్నం ఇందుమతి ఇద్దరు కూలీలతో వచ్చింది. వెంట విశాలాక్షమ్మ గారూ వచ్చారు. హైమవతి కాఫీ కలిపి తెచ్చింది. ఆవిడ గచ్చు మీద కూర్చుని, గ్లాసు పక్కన పెట్టుకున్నారు.

"బల్ల ఎలా ఉంది, హైమా?"

"లక్షణంగా ఉందమ్మగారూ. వచ్చినవాళ్లంతా కళ్లప్పగించి చూశారు."

"ఊగితే ఎటువైపు కిర్రుమంటుంది?"

హైమవతి బల్ల వంక చూసింది. "కిర్రుమంటుందా?"

"ఎడమవైపు" అంది ఇందుమతి, కూలీలకు గొలుసు చూపిస్తూ. "వాన పడితే ఇంకాస్త. నూనె వేస్తానంటే మా అత్తగారు ఒప్పుకోరు వదినా. ఆ చప్పుడు లేకపోతే ఆవిడకు మధ్యాహ్నం కునుకు పట్టదు. ఈ పది రోజులూ మంచం మీద దొర్లుతూ నన్ను సాధించి చంపారనుకో!"

పది రోజులు తన దూలానికే వేలాడింది, అయినా ఆ కిర్రు తన చెవిన పడలేదు. హైమవతికి ఇప్పుడు దాని మీద కూడా అసూయ పుట్టింది.

విశాలాక్షమ్మ గారు కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు దించారు. "ఏదో తేడాగా ఉందే ఇది."

"ఏదో ఏమిటమ్మగారూ! సగానికి సగం చికోరీ. గింజ వేయించలేదు, మాడ్చాడు. ఆ చేదు సాయంత్రం దాకా నాలిక వదలదు. గింజ రెండోసారి చిటపటలాడటం మొదలెట్టగానే దింపెయ్యాలి. వెంటనే చేటలో పోసి విసరాలి. అప్పుడొచ్చే వాసనకి వీధి చివర మనిషికైనా..." చెబుతూ చెబుతూ ఆమె చేతులు లేని చేటను విసిరాయి, లేని మరను తిప్పాయి. గురువు తననే చూస్తున్నారని గమనించి చప్పున ఆగిపోయింది.

"వడ్రంగి ఎప్పుడొస్తానన్నాడు?"

"రేపు పొద్దున."

విశాలాక్షమ్మ గారు లేచి కుచ్చెళ్లు సర్దుకున్నారు. "అయితే నేనూ రేపే కాఫీకి వస్తాను. కూర్చోడానికి నాకీ గచ్చు చాలు. గింజలు మాత్రం మునుపు తెప్పించే ఆ మంచివే తెప్పించు."