రన్‌వే మీద మడమ గుర్తు

పాలమూరు నుంచి నలభై మంది కూలీలను వెంటేసుకుని సరిహద్దులోని సైనిక విమానాశ్రయానికి పనికి వెళ్లిన ఉశన్న మేస్త్రికి ఒళ్లంతా తొందరే. నిద్రలో కూడా పరుగెత్తేవాడు. పొద్దున్నే చూస్తే అతని పక్కబట్టలు పొరుగూళ్లో దొరికేవి.

అవి యుద్ధం రోజులు. ఒకనాడు తెల్లవారుతూనే శత్రువుల బాంబు పడి రన్‌వే నడుమ గొయ్యి పడింది. అందులో ఏడు ఏనుగులు దాగుడుమూతలాడితే వారమైనా ఒకదానికొకటి దొరకవు!

“మేస్త్రీ, గాయపడిన తొమ్మిది మంది జవాన్లను ఆసుపత్రికి తీసుకుపోవడానికి సాయంత్రం నాలుగింటికి విమానం వస్తుంది. అది దిగకపోతే వాళ్లు బతకరు,” అన్నాడు ఆఫీసరు.

“సాయంత్రం దాకా ఎందుకు సార్? అన్నం ఉడికేలోపు పూడ్చేస్తా!” అన్నాడు ఉశన్న.

కూలీలలో పెద్దది సాయమ్మ. ఆమె మట్టిని గట్టిపరిచే దిమ్మిసతో నేలను కొడితే పాతాళంలో వాళ్లు తలుపులు వేసుకునేవారు. జానెడు మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మడమతో తొక్కి చూసేది. మడమ గుర్తు పడితే మళ్లీ కొట్టేది. పడకపోతేనే పైన ఇంకో వరస.

“గోతి అడుగున ఎవరు చూస్తరక్కా? పైన నున్నగుంటే చాలు,” అని ఉశన్న మట్టంతా ఒక్కసారే గుమ్మరించాడు. పైన అద్దంలా చదును చేయించి, అందులో చూసుకుని మీసం కూడా దువ్వుకున్నాడు. తర్వాత దర్జాగా రోడ్డు రోలరెక్కి తానే పూడ్చిన గోతి మీదికి తోలాడు.

మూడడుగులు వెళ్లిందో లేదో, రోలరు గుబుక్కున దిగబడింది. ఉశన్న మెడదాకా మట్టిలో కూరుకుపోయాడు. పాదులో గుమ్మడికాయలా తల ఒక్కటే పైకి మిగిలింది.

“అన్నం ఉడికిందా తమ్మీ?” అంది సాయమ్మ.

కూలీలు నవ్విన నవ్వుకు శత్రువులు కొత్తరకం ఫిరంగి అనుకున్నారట! ఉశన్నకు మాత్రం నవ్వు రాలేదు. ఎదురుగా గుడారంలో జవాన్లు మంచాల మీద ఉన్నారు. ఎండ నడినెత్తికి వచ్చేసింది.

“తప్పయిందక్కా. ఏం చెయ్యాలె?”

“ముందు బయటికి రా. మట్టి తోడు.”

ఉశన్ననూ రోలరునూ బయటికి లాగి, మట్టంతా తోడారు. వరస తర్వాత వరస నింపారు. ప్రతి వరసనూ ఉశన్నే చెప్పులు విప్పి తొక్కి చూశాడు. మడమలు పూరీల్లా పొంగాయి.

చివరి వరస పడేసరికి విమానం మోత వినిపించింది. “చాలు మేస్త్రీ, దిగమంటాను!” అన్నాడు ఆఫీసరు.

ఉశన్న తొక్కి చూశాడు. వెంట్రుకంత గుర్తు పడింది.

“వద్దు సార్! రెండు చక్కర్లు కొట్టమనండి. ఇంకా గట్టిపడలే.”

“ఉశన్న ఆగమంటున్నడా? ఎవరన్నా నన్ను గిల్లండే!” అంది సాయమ్మ, దిమ్మిస ఎత్తుతూ.

విమానం రెండు చక్కర్లు కొట్టింది. ఈసారి మడమ గుర్తు పడలేదు. విమానం ఎంత మెత్తగా దిగిందంటే, పైలట్ తల బయటపెట్టి, “దిగామా, ఇంకా గాల్లోనే ఉన్నామా?” అని అడిగాడట!

తొమ్మిది మంది జవాన్లూ బతికారు. ఉశన్న పది రోజులు కుంటుతూ నడిచాడు, అదీ నవ్వుకుంటూ.

చూశారా పిల్లలూ, ఎంత తొందరున్నా సరే, కంటికి కనబడని అడుగు పనిని ముందు గట్టిగా చేయాలి.