నాలుగో టార్చి

బేతంచెర్లలో భ్రమరాంబ అనే ఐటీఐ టీచరమ్మ ఉండేది. ఏ వస్తువునైనా విప్పి బాగుచేసేది గానీ, అందులో ఏం మార్చావో రాసిపెట్టమంటే మాత్రం ‘రేపు రాస్తాలే’ అనేది.

ఆమెకు టార్చిలైట్లంటే పిచ్చి. చీరల బీరువాలో కింది అర నిండా అవే. "అమ్మకు చీర కొనిపెడితే టార్చి తుడిచే గుడ్డ కొన్నట్టే" అని కూతురు సుమేధ నవ్వేది.

టార్చి తలలో రూపాయి బిళ్లంత బోర్డు ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. ఎంత వెలగాలో, బ్యాటరీ అయిపోతుంటే ఏం చేయాలో ఆ బోర్డుకు చెప్పేది ఒక చిన్న ప్రోగ్రాము. దాన్ని రాసినవాళ్లు దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ టార్చిలోకి ఎక్కించుకోవచ్చు. భ్రమరాంబలాంటి వాళ్లు ఓ యాభై మంది ఫోన్లో గ్రూపు పెట్టుకుని ఇదే పనిలో ఉండేవారు. ఆ గ్రూపులో కట్టుబాటు ఒకటే. ప్రోగ్రాములో చుక్క మార్చినా, ఏం మార్చారో కింద రాసి మరీ ఇవ్వాలి.

ఆ ప్రోగ్రాములో ఒక మంచి గుణం ఉండేది. బ్యాటరీ తగ్గుతుంటే టార్చి ఒక్కసారిగా ఆరిపోదు. ముందు వెలుగు సగమవుతుంది. కాసేపటికి అందులో సగమవుతుంది. మనిషి ఇంటిదారి పట్టడానికి అంత వ్యవధి చాలు.

సుమేధ డిగ్రీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం ప్రతి ఆదివారం ఊరి బయటి సవ్వడి గుహలోకి వెళ్లి, పైకప్పు నుంచి నిమిషానికి ఎన్ని చుక్కల నీరు పడుతుందో లెక్కపెట్టేది. మొదటిసారి పంపేటప్పుడే భ్రమరాంబ చెప్పింది.

"వెలుగు తగ్గిందా, ఇంక ఒక్క అడుగు కూడా ముందుకెయ్యొద్దు. అక్కణ్ణించే వెనక్కి తిరుగు."

"తగ్గకపోతే?"

"తగ్గకుండా ఎలా ఉంటుందే? ఆ ప్రోగ్రాము ఎక్కించింది నేను."

ఒకసారి గ్రూపులో పోటీ పెట్టారు. వెలుగు రవ్వంతైనా తగ్గకుండా ఎవరి టార్చి ఎక్కువసేపు వెలిగితే వాళ్లు గెలిచినట్టు. భ్రమరాంబ ప్రోగ్రాము తెరిచింది. వెలుగును తగ్గించే నాలుగు లైన్లు తీసేసింది. దాన్ని ఒక టార్చిలోకి ఎక్కించింది. ఆ టార్చి గంటా నలభై నిమిషాలు ఒకే తీరుగా వెలిగి, ఠక్కున ఆరిపోయింది. పోటీలో ఆమే గెలిచింది. పదకొండు మంది ఆ ప్రోగ్రాము అడిగి తీసుకున్నారు.

నంద్యాలలో గడియారాలు బాగుచేసే మస్తాన్ కూడా వాళ్లలో ఒకడు. "అక్కా, ఏం మార్చావో రాసిపెట్టు" అన్నాడు.

"రేపు రాస్తాలే భాయ్. నాలుగు లైన్లే కదా."

రేపు వచ్చింది, పోయింది. నెల గడిచింది. ఆ టార్చి బీరువాలో అదే రకం టార్చిలు మూడింటి పక్కన చేరింది. నాలుగూ అచ్చు ఒకేలా ఉండేవి. ఏది ఏదో తెలిసేలా ఆమె చిన్న కాగితం ముక్క కూడా అంటించలేదు.

ఒక ఆదివారం పదకొండు గంటలప్పుడు మస్తాన్ ఫోన్ చేశాడు.

"అక్కా, నన్ను పైకి పంపాలని చూశావు కదా!" నవ్వుతూనే అన్నాడు. "గడియార స్తంభం లోపలి మెట్లు దిగుతున్నా. నీ ప్రోగ్రాము ఎక్కించిన టార్చి చేతిలో ఉంది. తగ్గలేదు, మినుక్కుమనలేదు. ఒక్కసారిగా ఆరిపోయింది. పదకొండు మెట్లు దొర్లా. మోకాలు గుమ్మడికాయంతయింది. అసలు ఏం తీసేశావక్కా అందులోంచి?"

భ్రమరాంబ నవ్వబోయింది. అంతలో అదే ప్రోగ్రాము ఉన్న తన టార్చి గుర్తొచ్చింది. ఫోన్ పట్టుకునే బీరువా దగ్గరికి వెళ్లింది.

కింది అరలో ఆ రకం టార్చిలు మూడే ఉన్నాయి.

పొద్దున్న సుమేధ స్కూటీ తీస్తూ "గుహకెళ్తున్నానమ్మా" అన్న మాట గుర్తొచ్చింది. ఏ టార్చి తీసుకెళ్లింది? చూస్తే తెలిసేది కాదు. భ్రమరాంబ మూడింటినీ బల్ల మీదికి తెచ్చింది. మొదటిదాని బ్యాటరీ తీసి, వోల్టేజి పెంచడానికీ తగ్గించడానికీ వాడే పెట్టె వైర్లు తగిలించింది. బ్యాటరీ తరుగుతున్నట్టు పెట్టె మీది మర మెల్లగా వెనక్కి తిప్పింది. వెలుగు తగ్గింది. ఇది మంచిదే.

రెండోది తగిలించింది. ఇదే ఆ పోటీ టార్చి కావాలని మనసులో మొక్కుకుంది. మర తిప్పింది. వెలుగు తగ్గింది.

మూడోదానికి వైర్లు పెడుతుంటే అవి రెండుసార్లు జారిపోయాయి. ‘తగ్గకు తల్లీ, తగ్గకు’ అనుకుంటూ మర తిప్పింది.

వెలుగు తగ్గింది.

ఆమె సుమేధకు ఫోన్ చేసింది. గుహ కాపలాదారు ఓబులేసు ఎత్తాడు.

"పాప ఫోను నాకాడ పెట్టి పోయిందమ్మా. లోపల నీళ్లుండాయి, తడుస్తాదని."

"ఎప్పుడు వెళ్లింది ఓబులేసూ?"

"తొమ్మిదిన్నరకు."

గంటా నలభై నిమిషాలు. పోటీలో ఆమెను గెలిపించిన లెక్క అదే. భ్రమరాంబ గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ పదిహేను.

"లోపలికి పోయి పిలువు. ఉన్నచోటు నుంచి కదలొద్దని చెప్పు. నేను వస్తున్నా."

ఆమె మూడు టార్చిలూ కొంగులో మూటగట్టుకుని పక్కింటి వాళ్ల జీపు ఎక్కింది. దారి ఇరవై నిమిషాలు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. నాపరాళ్ల గుట్టల మీద కళ్లు చెదిరేంత వెలుగు.

ఓబులేసు గుహ ముందు నిలబడి ఉన్నాడు. అతని బట్టలు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి.

"పిలిచినానమ్మా. పలకలేదు. నా బ్యాటరీ లైటు ఆడిదాకా పోదు."

ఆమె ఒక టార్చి అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ లోపలికి నడిచారు. పది అడుగుల్లో ఎండ మాయమైంది. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. "సుమేధా" అని పిలిస్తే ఆ పిలుపే తిరిగి వచ్చింది.

మలుపు మలుపునా గోడ మీద సుద్దముక్కతో గీసిన బాణాలు కనిపించాయి. అవి సుమేధ గీసినవే. ప్రతి ఆదివారం ఆమె ఆగిపోయే చోట ఒక అడ్డగీత ఉండేది. ఈరోజు బాణాలు ఆ గీత దాటి ముందుకు పోయాయి.

"ఎన్నడూ దీన్ని దాటి పోదమ్మా" అన్నాడు ఓబులేసు. "ఈరోజేమైనాదో."

ఏమైందో భ్రమరాంబకు తెలుసు. వెలుగు తగ్గలేదు. తగ్గలేదు కాబట్టి పిల్ల ముందుకు పోయింది.

ఇంకో మూడు బాణాలు. నాలుగోది సగమే గీసి ఉంది. దాని కింద సుద్దముక్క పడి ఉంది. భ్రమరాంబ ఊపిరి బిగబట్టి విన్నది. ఎక్కడో నీటిచుక్కలు పడుతున్నాయి. ఆ చప్పుడు మధ్యలో రాతి మీద ఇనుముతో కొట్టినట్టు ఇంకో చప్పుడు. టక్. టక్. టక్.

"సుమేధా!"

"అమ్మా..."

టార్చి వెలుగు ముందు స్కూటీ తాళంచెవి పట్టుకున్న చేతి మీద పడింది. తర్వాత ముఖం మీద. సుమేధ గోడకు వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది. రెండో కాలికి లేదు. భ్రమరాంబ టార్చిని ఇంకాస్త కిందికి దించింది. కూతురి పాదాల ముందు జానెడు నేల ఉంది. ఆ తర్వాత నేల లేదు.

"కదలకు. నేనే వస్తా. కదలకు తల్లీ."

ఓబులేసు గోడవైపు నుంచి వెళ్లి సుమేధ చంకల కింద చేతులేసి వెనక్కి లాగాడు. భ్రమరాంబ కూతుర్ని ఒళ్లోకి తీసుకుంది. పిల్ల ఒళ్లు మంచుముద్దలా ఉంది.

"లైటు ఆరిపోగానే ఒకే ఒక్క అడుగేశానమ్మా. కాలికి ఏమీ తగల్లేదు. చెప్పు జారిపోయింది. కింద పడిన చప్పుడు కూడా వినపడలేదు. అక్కడే కూర్చుండిపోయా. గొంతు పెగల్లేదు." సుమేధ తల్లి ముఖంలోకి చూసింది. "వెలుగు తగ్గలేదమ్మా. తగ్గితే వెనక్కి తిరుగుదామని చూస్తూనే ఉన్నా."

భ్రమరాంబ కూతుర్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "తప్పు నీది కాదు. నేను రాసిపెట్టలేదు" అంది.

ఇంటికి వచ్చాక ఆమె తడి చీర కూడా మార్చుకోలేదు. ముందు గ్రూపులో రాసింది. ఏ నాలుగు లైన్లు తీసిందో, అవి లేకపోతే ఏమవుతుందో రాసింది. చేసిన తప్పును దాచకుండా రాసింది. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఆ ప్రోగ్రాము తీసుకున్న పదకొండు మందికీ పేరుపేరునా ఫోన్ చేసింది. పది మంది పలికారు. పదకొండో మనిషి నల్లమలలో అడవి కాపలా ఉద్యోగి. అతని ఫోన్ మోగలేదు. తెల్లవార్లూ చేస్తూనే ఉంది. మర్నాడు ఏడింటికి అతనే తిరిగి చేసి, "ఇంకా ఎక్కించుకోలేదమ్మా, తీరిక దొరకలేదు" అన్నాడు. అప్పుడు గానీ ఆమె మంచినీళ్లు ముట్టలేదు.

గుహలోంచి తిరిగొచ్చిన నాలుగో టార్చి మీద ఎర్ర టేపు చుట్టింది. సుమేధ మాత్రం ఆ తర్వాత చాన్నాళ్లు గదిలో లైటు ఆర్పనివ్వలేదు. "రేపు" అనే మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

నీతి: నలుగురూ నమ్మి వాడే వస్తువులో ఏ చిన్న మార్పు చేసినా అప్పటికప్పుడే అందరికీ చెప్పాలి, చెప్పకుండా దాటేసిన మార్పు మనల్ని నమ్మినవాళ్ల ప్రాణాల మీదికే తెస్తుంది.