‘కానీ’ తర్వాతి మాట

రేపల్లెలో ఫోటో స్టూడియో నడిపే ఆదిశేషు మంచి పనివాడే గాని, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే కోపంతో తుంచేసేవాడు. "నాకు తెలుసులే!" అన్నది అతని ఊతపదం.

అతని పాత కంప్యూటర్లో ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఏళ్ళ తరబడి దాచి ఉండేవి. నాంచారమ్మ పెళ్ళిఫోటో కూడా అందులోనే ఉంది. ఆమె భర్త చేపలవేటకు వెళ్ళి సముద్రంలో పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో తుఫాను నీళ్ళకు పాడైపోయింది.

"అయ్యా, ఆయన మొగం ఇంక మీ దగ్గరే ఉంది. సంవత్సరీకానికి పెద్దది కట్టించి ఇయ్యండి" అని ఆమె చెప్పుకుంది.

"నా దగ్గరుంటే బ్యాంకులో ఉన్నట్టే" అన్నాడు ఆదిశేషు.

ఇంతలో కంప్యూటర్ నిండిపోయింది. ధాన్యానికి గాదె ఎలాగో, ఫోటోలకు హార్డ్ డిస్కు అలాగ. సలోమి నడిపే కంప్యూటర్ షాపులో ఆదిశేషు పాతదానికన్నా ఎంతో పెద్ద డిస్కు కొన్నాడు. తీరా బిగించి చూస్తే, అందులో కొంత భాగమే కనబడింది! అతనికి ఒళ్ళు మండిపోయింది. బజారంతా వినబడేలా కేకలేసుకుంటూ షాపు మీదికి వెళ్ళాడు.

"ఏమ్మా సలోమీ! సగం డిస్కు అంటగట్టి మొత్తానికి డబ్బులు గుంజుతావా? దొంగ వ్యాపారం చేస్తున్నావా?"

సలోమికీ రోషం తక్కువేం కాదు. "నోరు జారకండి బాబాయ్! డిస్కు నిక్షేపంగా ఉంది. మీ కంప్యూటరే పాతది. దానికి అంతవరకే లెక్కపెట్టడం వచ్చు."

"నా కంప్యూటర్‌నే అంటావా? మొత్తం కనబడే దారి ఉందా, లేదా? అది చెప్పు!"

"ఉంది. అందులో ఒక సెట్టింగు మారిస్తే మొత్తం కనబడుద్ది. కానీ..."

"కానీ అన్నావుగా, కానిచ్చేస్తా!" అంటూ ఆదిశేషు స్కూటరెక్కాడు. సలోమి వీధిలోకి వచ్చి పిలుస్తున్నా వెనక్కి తిరిగి చూడలేదు. చెవులున్నది కళ్ళజోడు తగిలించుకోడానికే అనుకున్నాడో ఏమో!

ఫోన్లో ఏదో వీడియో చూసి తనే సెట్టింగు మార్చాడు. డిస్కు మొత్తం కనబడింది. "గట్టిగా అడిగితే గాని దారికి రారు" అని భార్య దగ్గర మీసం దువ్వాడు. పాత ఫోటోలన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించి, పాత డిస్కును పాత ఇనప సామాన్ల బండివాడికి వేసేశాడు.

పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. కొత్త ఫోటోలు వచ్చి పడ్డాయి. డిస్కు సగానికి పైగా నిండింది. సంవత్సరీకం దగ్గర పడటంతో నాంచారమ్మ స్టూడియోకి వచ్చింది. ఆదిశేషు ఆమె ఫోటో కోసం వెతికాడు. పేరుంది, నొక్కితే బొమ్మ రాలేదు. ఆమె పెళ్ళి జరిగిన ఏడాది ఫోటోలు ఒక్కటీ తెరుచుకోలేదు. అతను కంప్యూటర్ డబ్బా భుజాన వేసుకుని సలోమి షాపుకి పరిగెత్తాడు. నాంచారమ్మ కూడా వెంటే వచ్చింది.

"ముంచేశావు కదే! నువ్వేగా కానీ అన్నావు!" అని అరిచాడు.

సలోమి మొహం ఎర్రబడింది. "కానీ తర్వాత ఇంకో మాట ఉంటుంది బాబాయ్! విన్నారా? డిస్కును గుర్తుపట్టే ప్రోగ్రాం కంప్యూటర్ లోపలి పెద్ద పలకలో, మదర్‌బోర్డులో ఉంటుంది, ముందు దాన్ని మార్చకుండా ఆ సెట్టింగు ముట్టుకోవద్దని చెప్పబోయాను. మీ కంప్యూటర్ తనకొచ్చిన లెక్క దాటగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. కొత్త ఫోటోలన్నీ పాతవాటి మీదే రాసేసింది. నడిబజార్లో నన్ను దొంగనన్నారు, నేను పడ్డాను. ఈమేం పాపం చేసింది?"

"మళ్ళీ తియ్యలేవా?" ఆదిశేషు గొంతు తగ్గింది.

"పాత డిస్కు ఉంటే తెండి, ఇప్పుడే తీసిస్తా."

"దాన్ని ఇనప సామాన్లకు వేసేశాను" అన్నాడు ఆదిశేషు.

నాంచారమ్మకు అంతా అర్థమైంది. "సముద్రానికి చెవులు లేవయ్యా, నేను ఒడ్డున నిలబడి ఎంత అరిచినా వినలేదు. మీకు ఉన్నయ్యి గదా! ఒక్క మాట వినుంటే ఆయన మొగమన్నా నాకు మిగిలేది" అంది.

ఆదిశేషు నోట "నాకు తెలుసులే" రాలేదు. ఆమె మాట మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. అతను పూర్తిగా విన్న మొదటి మాట అదే. విని మాత్రం ఏం లాభం?

నీతి: సగం విన్న మాట అసలు వినని మాటకన్నా చేటు. కోపం వచ్చినప్పుడే ఎదుటివారి మాట చివరిదాకా వినాలి.